డెల్మర్ తిట్టిన చిత్రిక

మా పక్కింటి డెల్మర్ హూక్‌స్ట్రా డెబ్బై ఆరేళ్ళ జీవితంలో ఒక్క పనిముట్టునైనా మెచ్చుకున్న పాపాన పోలేదు. రంపం చూస్తే పెదవి విరుస్తాడు, ఉలి చూస్తే నిట్టూరుస్తాడు. ఒక సుత్తిని చూసి "దీంతో కొడితే మేకుకే అవమానం" అన్నాడు. అలాంటి మనిషి ప్రతి శుక్రవారం, మా మిషిగన్ చలిలో, ఎవరింట్లో పాత సామాన్ల అమ్మకం పెట్టినా తెల్లారకముందే వెళ్ళి లోపలికి పంపే వరసలో మొదటి చీటీ తీసుకుంటాడు. కారు నాది, ఫ్లాస్కులో కాఫీ ఆయనది.

తలుపు తియ్యగానే అందరూ పనిముట్లుండే బేస్‌మెంటుకే పరుగు. డెల్మర్ ఒక్కొక్కటీ ఎత్తి, కిటికీ వెలుగులో తిప్పి, చప్పరించి కింద పెట్టేస్తాడు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన చెయ్యి కదా, ఆయన పెదవి విరిచినదాన్ని వ్యాపారులెవరూ ముట్టుకోరు.

మొన్న లొరెట్టా బోస్మా ఇంట్లో అమ్మకం. భర్త పోయాక ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. "నాకేమీ వద్దు, అంతా అమ్మేయండి" అని సంతకం పెట్టేసింది. పెట్టాక మెట్లు దిగొచ్చి భర్త చిత్రిక ముందు నిలబడిపోయింది. ఎన్నేళ్ళు చెక్కలు నున్నగా చేశాడో, పిడి మీద బొటనవేలి గుంట పడింది. అందులో తన వేలు పెట్టి చూసుకుంది.

"ఇదొక్కటీ ఉంచుకోవచ్చా?" అని అమ్మకం నడిపే డీడ్రని అడిగింది.

"బల్ల మీదకొచ్చాక అమ్మాల్సిందేనమ్మా. రేపు సాయంత్రానికి మిగిలితే మీదే."

లొరెట్టా పైకెళ్ళి వంటింట్లో కూర్చుంది. పక్కనే ఉన్న డెల్మర్ ఇదేమీ పట్టనట్టు ఒక రంపంతో పోట్లాడుతున్నాడు. అది అయ్యాక చిత్రిక మీద పడ్డాడు.

"ఇది చెక్కని నున్నగా చెయ్యదు, కొరుకుతుంది!" చెయ్యి చాచిన వ్యాపారి వెనక్కి తీసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మెల్లిగా. పైన ఆవిడ వింటుంది."

"విననీ. అడుగు వంకర, బ్లేడు పగులు. పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట రాదు."

ఒకావిడ ముచ్చటపడి దగ్గరికొస్తే, "మీ ఇంటి తలుపులు మీకేం ద్రోహం చేశాయమ్మా?" అని పంపేశాడు. మర్నాడూ అదే వరస. భోజనానికి పిలిచినా కదల్లేదు. చిత్రిక పక్కనే నిలబడి శాండ్‌విచ్ తింటూ, ముద్దముద్దకీ ఒక తిట్టు తిట్టాడు.

సాయంత్రం డీడ్ర బల్లలు సర్దుతూ, "ఈ చిత్రికొక్కటే మిగిలింది" అంది. డెల్మర్ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కి లొరెట్టా ముందు పెట్టాడు.

"ఎవరూ తీసుకోలేదండీ. ఇక మీకు తప్పదు."

ఆవిడ వేలు గుంటలోకి వెళ్ళింది. "మరీ అంత పనికిరానిదా?"

"ఘోరం" అన్నాడు, పైకప్పుకేసి చూస్తూ.

"రెండ్రోజులూ వింటూనే ఉన్నాలెండి" అని నవ్విందావిడ.

కారెక్కాక నాకు సిగ్గేసింది. "కొనిచ్చేస్తే పోయేదిగా?"

"కొనిస్తే నేనిచ్చినట్టుంటుంది. ఇప్పుడు వాళ్ళాయనే ఉంచి వెళ్ళినట్టుంది."

"నిజంగా అంత చెత్తదా?"

డెల్మర్ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"దాన్ని తిట్టడానికి నోరు రాలేదయ్యా" అన్నాడు చివరికి. "నానా అవస్థా పడ్డాను."