ఐదో బిరడా

పోయిన వారం ఈ మలాయ్ దేశంలో, ఈపో ఊళ్ళో ఉన్న మా ఇంటికి మనవరాలి పేరిట ఒక పొడుగాటి పార్సెలు వచ్చింది. ఎవరు ఏ మూట విప్పుతున్నా పక్కన చేరి, సరుకు ఏపాటిదో కంటితోనే తూచడం కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి చచ్చేదాకా వదలని జబ్బు కనుక, నేనూ కర్ర పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. లోపల బాంజో ఉంది. గుండ్రటి తోలు మొహం, పొడుగాటి మెడ, ఆ మెడ సగంలో ఒక పక్కకి పొడుచుకొచ్చిన, తీగ బిగించే ఒంటరి బిరడా. దాన్ని చూడగానే నవ్వొచ్చింది, ఆ వెనకే సిగ్గూ వచ్చింది.

"బ్లూగ్రాస్ మ్యూజిక్ తాతా, నీకు తెలీదు లా," అంది పిల్ల, ఇక్కడి అలవాటుగా మాటకి 'లా' తోక తగిలించి.

నిజమే, ఆ పేరు నాకు తెలియదు. కుర్రతనంలో మా గుంపు వాయించింది ఆ పాటలే అయినా, వాటిని అలా పిలుస్తారని మాకు ఎవరూ చెప్పలేదు. మేము 'దొర ప్లేట్ల పాటలు' అనేవాళ్ళం.

నా ఈడువాళ్ళకి, దొరల ఏలుబడిలో ఇక్కడ పెట్టిన ఎమర్జెన్సీ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. అడవిలో దొరల మీద తిరగబడ్డ తుపాకులవాళ్ళు, రబ్బరు తోటల్లో కూలి లైన్ల చుట్టూ ముళ్ళకంచె, ఆ కంచెకి ఒక గేటు, ఆ అడవిలోవాళ్ళకి గుప్పెడు బియ్యం కూడా అందకుండా తడిమి చూసే కాపలావాళ్ళు, సాయంత్రం ఆరయ్యేసరికి అందరూ లోపల. సుంగై సిపుట్ బజారులో మా నాన్నకి సామాన్ల కొట్టు ఉండేది. నేను బడి మానేసి త్రాసు పట్టుకున్న కొత్తల్లో, పక్క తోటలో పనిచేసే చిన్నదొర, అంటే పెద్దదొర కింద ఉండే కుర్ర తెల్లవాడు, సొంత దేశానికి వెళ్ళిపోతూ ఒక రేకు పెట్టె కోసం మా దగ్గరికి వచ్చాడు. పెట్టెకి మారకంగా ఒక బాంజో, నాలుగు గ్రామఫోను ప్లేట్లు ఇస్తానని తోటల అరవంలో అడిగాడు.

ఆ ప్లేట్లని అతను ఆదివారాలు పక్కనున్న చీనావాళ్ళ కాఫీ కొట్టులో పెట్టించుకుని వినేవాడు. రేకుల కప్పు మీద ఎండలో వాన పడ్డట్టుండే ఆ చప్పుడు వినడానికి నేను ఏదో వంకన కొట్టు వదిలి వెళ్ళిపోయేవాణ్ణి. మనకి కావలసిన వస్తువు మీద చూపు నిలపకూడదని నాన్న నేర్పిన పాఠం కనుక, రేకు పెట్టె కీళ్ళకేసి చూస్తూ, బాంజోని ఎడం చేత్తో తిప్పి ఒక లోపం పట్టేశాను. నాలుగు బిరడాలు తలకాయలో ఉండగా ఐదోది మెడ మధ్యలో ఎందుకుంది? ఎక్కడో విరిగితే అతికిన సరుకిది, కాబట్టి పెట్టె ఇస్తాను గాని దాని ఇత్తడి తాళంకప్ప ఇవ్వనన్నాను. చిన్నదొర ఆ బిరడా మీద వేలు పెట్టి ఏదో చెప్పబోయాడు. అమ్మేవాణ్ణి సరుకు పొగడనిస్తే బేరం చెడుతుంది. అరచెయ్యి ఎత్తి ఆపేశాను. అతను నవ్వి, పెట్టెని తాడుతో కట్టుకుని వెళ్ళిపోయాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా అబద్ధాన్ని నేనే నమ్మి, ఆ ఐదో బిరడా, దాని తీగ పీకేసి, కన్నంలో కొవ్వొత్తి మైనం కూరి, పైన మసి రాసి, పాడైన సరుకు బాగుచేశానని మురిసిపోయాను.

గుంపు అన్నాను గాని మేము నలుగురమే. తోటలో రబ్బరు చెట్లు గీసే మా మేనమామ ఫిడేలు. భజనల్లో వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు. మా అక్క మొగుడు, తోట ఆఫీసులో గుమాస్తా, మాండొలిన్. కాఫీ కొట్టువాళ్ళ రెండో కొడుకు, టీ పెట్టె బోర్లించి దానికి చీపురుకర్ర నిలబెట్టి తాడు బిగించి, బుంయ్ బుంయ్ మనిపించేవాడు. పాటల్లో ఇంగ్లీషు ముక్క ఎవరికీ అర్థం కాక, చెట్టుకి గాటు పెడుతూ కూలీలు పాడుకునే మాటలు మావయ్య ఆ వరసల్లో ఇరికించేవాడు.

మేము వాయించడానికి వెళ్ళిన మొదటి పెళ్ళిలో మమ్మల్ని వంటల పందిరి వెనకాల కూర్చోబెట్టారు, వంటావిడ టీ పెట్టె మీద కత్తిపీట పెట్టుకుంది. మరోసారి ఉగాదికి ఎవరి లారీయో పట్టుకుని బటాంగ్ బెర్జుంటై దాకా వెళ్ళి, చెమటలు కక్కుతూ రెండు పాటలు వాయించాం. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన చాలా మర్యాదగా, "ఇంకెంతసేపు సుతి సేసుకుంతారు బాబూ? మొదలెట్టండి మరి," అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. ప్లేటులో ఉన్నదేదో మా దగ్గర లేదని మాకూ తెలుసు. అదేమిటో తేల్చుకోవాలన్న యావ మమ్మల్ని దయ్యంలా పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, మావయ్య కాఫీ కొట్టుకి వచ్చి గ్రామఫోను గొట్టంలో తలదూర్చేవాడు.

"ఇందుల ఐదో మనిసి ఉన్నాడ్రా అల్లుడా. ఎవుడో పైన టింగు టింగుమంటన్నాడు, ఇను!"

ఆ ఐదోవాణ్ణి పట్టుకోవాలని మేము చెయ్యని వెధవ పని లేదు. భజన మందిరంలోంచి చిన్న గంట తెచ్చాం. బావ కాఫీ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. గ్లాసు పగిలింది, ఐదోవాడు దొరకలేదు.

ఈలోగా కొట్టులో నా ధ్యాస లేదని నాన్నకి విసుగెత్తింది. మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చిన ఏడాది, ఆ సంబరాలకి మా ఊరి మైదానంలో తలా ఒక ఆట, పాట పెట్టినప్పుడు, మాకూ ఒక పాటకి చోటిచ్చారు. నాన్న షరతు పెట్టాడు. జనం ఇంకో పాట అడిగితే బాంజో నాది. అడగకపోతే మర్నాటి నుంచి అది కొట్టు ముందు కొక్కేనికి వేలాడుతుంది, అడిగినవాడికి అమ్మేస్తాం. ఎప్పుడూ దేన్నైనా బేరమాడే నేను దానికి మాత్రం నోరు మెదపకుండా తలూపాను. మా పాట అప్పటిదాకా ఎవరూ రెండోసారి అడగలేదు, ఇక ఏ మొహంతో బేరమాడను?

ఆ రోజు పొద్దున్నే మావయ్య ఉండే కూలి లైన్లకి మేమంతా వెళ్ళి చివరిసారి సాధన చేసి, జనంతో పాటు తోట లారీలో బయల్దేరాం. గేటు దగ్గర ఎప్పుడూ ఉండే మనిషి మమ్మల్ని ఎరుగును. ఆ రోజు కొత్త మలాయ్ కాపలావాడున్నాడు. టీ పెట్టె బోర్లించి చూశాడు. బాంజో అందుకుని, "అపా ఇని?" ఇదేమిటని అడుగుతూ మెడంతా తడిమాడు. మైనం వేలికి తగిలింది. దాచిందేదో ఉందనుకుని పిన్నీసుతో కెలికి మొత్తం తవ్విపారేశాడు. ఏమీ లేకపోయేసరికి మొహం చిట్లించి నా చేతిలో పెట్టాడు.

లారీ కదిలాక మావయ్య ఆ కన్నాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. చిటికెనవేలు పెట్టి తిప్పాడు.

"ఇది ఎవుడు మూసినాడ్రా?"

"నేనే మావయ్యా. పాత దెబ్బ కదా అని..."

"దెబ్బేటి, నీ బొంద! నా ఫిడేలు కన్నంనాగే నున్నగా తొలిసినారు. అల్లదిగో, కింద తీగ తగిలించుకోడానికి కొక్కెం కూడా ఉన్నాది. కావాలని ఎట్టినార్రా ఇది!"

బావ పగలబడి నవ్వాడు. "రెండేళ్ళు ఐదో మనిసి కోసం ఎతికినాం. బామ్మర్ది ఆడికి మైనం కూరి కప్పెట్టీసినాడు!"

మావయ్య తన ఫిడేలు పెట్టెలో అదనంగా ఉంచుకున్న బిరడా ఒకటి తీసి, సుద్దముక్క రాసి, కన్నంలో దూర్చి తిప్పాడు. బావ మాండొలిన్ తీగ ఒకటి ఇచ్చాడు. లారీ గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే, ఆ పొట్టి తీగని మావయ్య సాగదీసి సాగదీసి ఒకచోట ఆపాడు. బొటనవేలితో మీటాను.

టింగ్.

కాఫీ కొట్టువాళ్ళ అబ్బాయి చీపురుకర్ర వదిలేసి నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

మైదానంలో మా వంతు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆరులోగా గేటు చేరాలి కనుక, తోట జనం అప్పటికే లారీల వైపు నడుస్తున్నారు. నేను బొటనవేలిని ఆ పొట్టి తీగ మీద వదిలేశాను. అది నన్నడక్కుండానే పరుగెత్తింది. మావయ్య ఫిడేలు దాన్ని తరుముకుంది. నడుస్తున్నవాళ్ళు ఆగారు. లారీ ఎక్కినవాళ్ళు దాని చెక్కల మీద దరువు వెయ్యడం మొదలెట్టారు. పాట అవగానే ఎవరో "లగి!" అని, ఇంకోటి కావాలని, కేక పెట్టారు. అంతలో డ్రైవరు హారను మోగించాడు, ఆ కేక అందులో కలిసిపోయింది. అది నాన్న చెవిన పడిందో లేదో నాకు తెలియలేదు. అటు చూస్తే ఆయన నిలబడ్డ చోట లేడు.

లారీ దగ్గర ఉన్నాడు. చేతిలో అరటిపళ్ళ గెల ఒకటి పట్టుకుని, డ్రైవరుతో బేరమాడుతున్నాడు. మూడు పాటలని నాన్న, ఒక్కటీ కుదరదని డ్రైవరు. చివరికి నాన్న గెలని డ్రైవరు ఒళ్ళో పెట్టి, మావైపు తిరిగి ఒక వేలు చూపించాడు. ఒక్కటే, కానివ్వండి అన్నట్టు. ఆ తరవాత షరతు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ కొక్కేనికి చీపుర్లే వేలాడాయి.

ఇప్పుడు గేట్లు లేవు, కంచెలు లేవు. మా గుంపులో మిగిలింది నేనొక్కణ్ణే. మనవరాలి పార్సెల్లో బాంజోతో పాటు బొమ్మలేసిన కాగితం వచ్చింది. ఏ తీగ ఎందుకో, ఏ వేలు ఎక్కడో అంతా అందులో ఉంది. ఇంకేదైనా సందేహముంటే ఫోనులో చూసుకుంటోంది. రెండేళ్ళ మా వెతుకులాట దానికి రెండు నిమిషాల పని. మంచిదే. అయినా, గ్రామఫోను గొట్టంలో తలదూర్చి లేని మనిషి కోసం వెతకడంలో ఉన్న సుఖం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ ఇత్తడి తాళంకప్ప ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి తుడుస్తాను. ఆ చిన్నదొర బిరడా మీద వేలు పెట్టి ఏం చెప్పబోయాడో ఇప్పుడు నాకు తెలుసు, కాని అతని నోట ఎలా చెప్పేవాడో తెలియదు. అతనే గనక ఏ రూపాన్నో వచ్చి నేను ఆపేసిన ఆ మాట పూర్తిచేస్తే, చెయ్యి ఎత్తకుండా చివరిదాకా విని, తాళంకప్ప చేతిలో పెట్టేస్తాను.