బస్సు అద్దం మీద రెండు చుక్కలు

బోర్డు మీద నేను గీసిన బొమ్మను మా గైడ్ డస్టర్‌తో తుడిచి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. తిరుపతిలో, మ్యాథ్స్ డిపార్టుమెంటు సెమినార్‌లో, అందరి ముందూ అరచేత్తో తుడిచేశారు.

"ఈడ రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి కూసున్నాయి సూడమ్మా. నీ స్థలంలో గుంత ఉండాది. అది పూడేదాకా థీసిస్ మాట ఎత్తొద్దు," అన్నారు.

తర్వాత అందరికీ టీ పోశారు. నా దాకా వచ్చేసరికి ఫ్లాస్కు ఖాళీ. అదీ గుర్తుంది.

నా పని చెప్పడం సులువే. ఒక రకం వక్రాలన్నిటినీ తీసుకుని, ఒక్కో వక్రం ఒక్కో బిందువయ్యేలా కొత్త స్థలం కట్టాలి. ప్రతి వక్రం మీదా కొన్ని ప్రత్యేక బిందువులకు గుర్తు పెడతాం. వక్రం మారేకొద్దీ ఆ గుర్తులు జరుగుతాయి. కొన్నిసార్లు రెండు ఢీకొంటాయి. అక్కడ ఏ వక్రాన్ని ఉంచాలో చెప్పలేకపోతే గుంత మిగిలినట్టే. ఢీకొనే చోట చిన్న గోళాన్ని అంటించడం మావాళ్ల పద్ధతి. సెమినార్ తర్వాత ఆ గుంత పూడ్చాలని కూర్చుని, దేని ప్రత్యేకత దానికే దక్కాలని, నేను మొండిగా రెంటికీ రెండు గోళాలు అంటించాను.

ఆ వానాకాలం ఒక సాయంత్రం చిత్తూరు బస్సెక్కితే, ఖాళీగా ఉన్నది ఆయన పక్క సీటే. ఆయన ఊరు పూతలపట్టు. చంద్రగిరి దాటాక ఆయనే అడిగారు.

"ఇంకా కోపమేనా అమ్మా?"

"లేదు సార్," అన్నాను, ఉందని తెలిసేలా.

ఆయన లేచి కిటికీ సీటు నాకిచ్చారు. అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. "గీసి సూపించు," అన్నారు. వేలితో గీశాను. వక్రం, దానికి రెండు గోళాలు, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క.

"ఒక్కో గోళం మీద అతుకొకటి, చుక్కొకటి. రెండే పట్లు. గిర్రున తిరగతాది కదమ్మా, యాడ నిలుస్తాది?"

నేను బదులు చెప్పేలోపే కండక్టర్ అరిచాడు. "పూతలపట్టు! దిగేటోళ్లు రాండప్పా!"

ఊరొచ్చిందో లేదో చూద్దామని ఆయన అద్దం వైపు అరచెయ్యి ఎత్తారు. బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"తుడిసేదా అమ్మా?"

"వద్దు సార్."

చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు. "పోనీలే, చిత్తూరు నుంచి ఎనక్కొస్తా. నువ్వు కానీ."

బస్సు కదిలింది. గీతలు కారిపోతుంటే ఆయన వంగి, అద్దం మీద నోటితో ఆవిరి ఊది, నాకు మళ్లీ చోటు చేశారు. ఈసారి ఒకే గోళం గీశాను. రెండు చుక్కలూ దాని మీదే, ఎడంగా. అతుకుతో కలిపి మూడు పట్లు. ఇక తిరగదు. రెండూ ఒకే గోళం మీదున్నా దేని ప్రత్యేకతా చెడలేదు.

ఆయన మూడు పట్లనూ వేళ్ల మీద లెక్కపెట్టారు. "గుంత పూడింది. రాసెయ్యి, సంతకం పెడతా."

చిత్తూరు బస్టాండులో దిగాక టీ ఇప్పించారు, మొదటి గ్లాసు నాకే. చక్కెర మరీ ఎక్కువ. చివరి చుక్క దాకా తాగాను.