సందెవేళ అడగకూడని ప్రశ్న

కరోనా రెండో విడతలో మా కాలేజీ మూతపడింది. నేను సైకాలజీ లెక్చరర్ని. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కే రకాన్ని. ఆ రోజుల్లో జనం మనసులు ఎలా ఉన్నాయో తెలుసుకుందామని మానసిక వైద్యురాలైన ఒక డాక్టరుగారు ఫోన్లోనే మాట్లాడి చేసే పరిశోధన మొదలుపెడితే ఎగిరి గంతేసి చేరాను. కృష్ణా జిల్లాలో కరోనా వచ్చి తగ్గినవాళ్లకీ, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకీ ఫోన్ చేయాలి. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, దేనిమీదైనా ధ్యాస నిలుస్తోందా అని అడుగుతూ పోయి, చివరికి "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడగాలి. ఎవరైనా అవునంటే, వాళ్లు సరేనంటే, ఆ క్షణమే డాక్టరుగారికి కలపాలి.

కర్ఫ్యూ మూలంగా మధ్యాహ్నం దాకే బయటికి వదిలేవారు. పొద్దున్నంతా జనం సరుకులకీ పనులకీ పరిగెత్తేవాళ్లు. సాయంత్రమైతే అందరూ ఇంట్లోనే ఉంటారు కదా అని మేం ఆ వేళ పెట్టుకున్నాం. బెజవాడ గవర్నర్‌పేటలో కొట్ల పైన మా ఇల్లు. ఆటోల హారన్లతో చెవులు చిల్లులు పడే వీధిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. నేను ముందుగదిలో కూర్చుని ప్రశ్నలు అడుగుతుంటే వంటింట్లో ఉన్న మా అత్తగారికి నా గొంతు స్పష్టంగా వినబడేది.

జవాబులు మాత్రం అందరివీ ఒకటే. "బానే ఉన్నామండీ. మీరు బాగున్నారా? కాఫీలయ్యాయా?" భర్త పోయినావిడా బానే ఉంది. ఆక్సిజన్ కోసం ఊరంతా తిరిగి తిరిగి తండ్రిని పోగొట్టుకున్న కొడుకూ బానే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "ఇంత ఘోరంలో అందరూ బానే ఉంటే ఇంక మనమెందుకండీ?" అని డాక్టరుగారి మీద విసుక్కునేదాన్ని. ఆవిడా బెజవాడలో పుట్టి పెరిగిన మనిషే. "ఉంటే మంచిదేగా" అని నవ్వేవారు గానీ ఆ నవ్వులో నమ్మకం ఉండేది కాదు.

ఒకరోజు సాయంత్రం మైలవరం దగ్గర పల్లెలో ఉన్న ఒకామెకి చేశాను. ఆమె భర్త మామిడికాయల వ్యాను నడిపేవాడు. బెజవాడ ఆసుపత్రిలో పోయాడు. అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లిపోయారు, ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఇద్దరు ఆడపిల్లలు. అన్నిటికీ మెల్లగా జవాబు చెప్పింది. ఆఖరి ప్రశ్న అడిగేసరికి ఆగిపోయింది. అవతల నుంచి "అమ్మా, దీపం పెట్టనా?" అని పిల్ల గొంతు వినబడింది. "అబ్బే, లేదండీ, అలాంటిదేం లేదు" అని గబగబా ఫోన్ పెట్టేసింది.

నేను తలెత్తేసరికి అత్తగారు అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముఖం ఎర్రగా ఉంది.

"సందెవేళ కొంపలో ఆ చావు మాటలేంటమ్మా రోజూ? తథాస్తు దేవతలు తిరిగే వేళ! నీకైతే ఇదంతా చాదస్తంగా ఉంటుంది, చెప్పేవాళ్లకి ఉండదూ భయం?"

సాయంకాలం ఆ దేవతలు ఇళ్ల మీదుగా వెళ్తుంటారనీ, మన నోటి నుంచి ఏ మాట వస్తే దానికి 'అలాగే జరుగుగాక' అంటారనీ మా వైపు నమ్మకం. నేనూ చిన్నప్పటి నుంచి విన్నదే. ఏదో గట్టిగా అనబోయి ఆగిపోయాను. మైలవరం ఆమె తడబడింది కూడా దీపం వేళకేనని గుర్తొచ్చింది.

డాక్టరుగారికి చెబితే, "అయ్యో! మా అమ్మ కూడా అదే అనేదండీ. మనకెలా తట్టలేదు?" అన్నారు. వెంటనే మైలవరం ఆమెకి మళ్లీ చేశాను. "పిల్లలకి అన్నం పెడుతున్నానండీ. పొద్దున్న మాట్లాడతాను" అంది. పొద్దున్న అన్న ఆ మాట విని నా ప్రాణం కాస్త కుదుటపడింది.

తెల్లారాక చేస్తే మామిడితోటలో పనిలో ఉంది. పక్కకి వచ్చి మాట్లాడింది. అదే ప్రశ్న అడిగాను.

"అనిపిస్తోందండీ. రోజూ అనిపిస్తోంది. ఆయన మొహమైనా చూడలేదు. ఏ మొహాన్ని తలుచుకుని ఏడవాలో కూడా తెలీట్లేదు."

"మరి నిన్న లేదన్నారేం తల్లీ?"

"సందెవేళ కదండీ! అనేస్తే నిజమైపోదూ? పిల్లలేమైపోతారు?"

రోజూ చావాలనుకునే మనిషి, ఆ కోరిక ఎక్కడ నెరవేరుతుందోనని భయపడింది! ఎంత బతుకు మిగిలుంటే ఆ భయం పుడుతుంది? ఇన్నేళ్లు నేను పాఠం చెప్పిన మనసు ఇంత లోతైనదని నాకెవరూ చెప్పలేదు. ఆమె సరేనంటే డాక్టరుగారికి కలిపాను. ఆవిడ ఆ పూటంతా మాట్లాడారు. ఆ తర్వాత కూడా వదల్లేదు. మైలవరంలోనే మందులు అందే ఏర్పాటు చేశారు, ఆమె చెల్లెల్ని తోడుకి పిలిపించారు.

మేం అందరికీ పొద్దున పూట చేయడం మొదలుపెట్టాం. గట్టు తెగిన కాలవలా వచ్చిపడ్డాయి మాటలు. కూచిపూడి వైపు ఒక పెద్దాయన ముందు రెండుసార్లు బానే ఉన్నామన్నవాడే, మూడోసారి పొద్దున్నే వెక్కి వెక్కి ఏడ్చాడు. సాయంత్రం ప్రార్థన చేసుకునే క్రైస్తవుల ఇళ్లలోనూ ఇదే తీరు, ఆ వేళ చెడ్డమాట నోట రానిచ్చేవారు కాదు. ఇంత దుఃఖాన్ని రోజూ దీపాల వేళకి గొంతులోనే నొక్కిపెట్టి పిల్లలకి అన్నాలు పెట్టారా వీళ్లంతా అనుకునేదాన్ని ఫోన్ పెట్టేశాక. చేతులెత్తి దండం పెట్టాలనిపించేది.

కర్ఫ్యూలు ఎత్తేశాక, వానలు పడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం అత్తగారు దీపం వెలిగిస్తుండగా మైలవరం నుంచి ఫోన్. ఆ వేళ ఆమె నంబరు చూసి గబుక్కున ఎత్తాను.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదండీ. ఈ వేళకే చెయ్యాలని ఆగాను. ఆ ఆఖరి ప్రశ్న ఇప్పుడు అడగండి."

నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ అడగమన్నట్టు తలూపారు. అడిగాను.

"లేదండీ. నాకు బతకాలనుంది" అంది. వాకిట్లోకి వచ్చి నిలబడినట్టుంది, వాన చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది.