గంప బిస్కెట్లు

మా తోడికోడలిని ఇంట్లో అందరూ గీకుడమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. బిస్కెట్ల పిండి కలిపిన గిన్నెను ఆవిడ గీకాక ఇక కడగాల్సిన పని ఉండదు. వెన్న చుట్టి వచ్చిన కాగితంతోనే ట్రేలకు జిడ్డు పూస్తుంది. వెనిల్లా సీసా ఖాళీ అయితే అందులో కాసిని పాలు పోసి ఆడించి, ఆ పాలనే పిండిలో కలుపుతుంది. కోకో డబ్బాను బోర్లించి, పొలమారిన పిల్లాడి వీపు తట్టినట్టు తడుతుంది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను గానీ, అంత పొదుపు ఏ పుస్తకంలోనూ ఉండదని రాసివ్వగలను.

మా మరిది పోయాక ఆవిడా, కూతురూ వెనక గదిలో ఓవెన్ పెట్టుకుని, బిస్కెట్లు చేసి చుట్టుపక్కల కొట్లకు వేసేవారు. అచ్చుతో కోయగా మిగిలిన అంచులను ఆవిడ పారేసేది కాదు. అల్లం పిండి, కోకో పిండి, ఓట్స్ పిండి, ఏది మిగిలినా ఫ్రీజర్‌లో ఒకే డబ్బాలో కుక్కేది. పగిలిన చాక్లెట్ ముక్కలూ, జీడిపప్పు నూకా కూడా అందులోకే. డబ్బా నిండాక అన్నీ కలిపి పొడుగ్గా చుట్టి, బిళ్ళలుగా కోసి కాల్చేది. అవి ఇంటి వాడకానికే. కలగూరగంపలా ఉంటాయని వాటిని గంప బిస్కెట్లు అనేవాళ్ళం.

ఆ ఏడాది కొట్లవాళ్ళు ఒక్కొక్కరే ఫ్యాక్టరీ బిస్కెట్లకు మళ్ళారు. పిల్ల దూరపు ఊళ్ళో ప్యాకింగ్ కంపెనీలో పని చూసుకుంది.

“అమ్మా, ఒక్క పెద్ద ఆర్డర్ దొరికిందంటే నేను ఎక్కడికీ వెళ్ళను” అంది.

సరిగ్గా అప్పుడే పెద్దరోడ్డు మీద కొత్తగా కాఫీ హోటల్ తెరిచినావిడ మచ్చుకు ఒక ట్రే పంపమంది.

“మచ్చుకేగా, ఊరికే తినిపోతారు. దానికి కొత్త వెన్న ఎందుకే తగలెయ్యడం?” అంటూ గీకుడమ్మ గంప బిస్కెట్లు సర్దింది.

“పరువు తియ్యకమ్మా!”

“పరువు సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు మూత పెట్టు.”

మర్నాడు ఆ హోటలావిడే వెతుక్కుంటూ వచ్చింది. “ఏమండీ, కొరికినప్పుడల్లా ఒక కొత్త రుచి తగులుతోంది! వారం వారం ఇవే పంపండి. ఏం వేస్తారు ఇందులో?”

“అది మా ఇంటి రహస్యమండీ” అంది గీకుడమ్మ, మహారాణిలా మెడ నిలబెట్టి. నేను చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను.

అసలు తంటా అక్కడ మొదలైంది. మిగులు అనేది రమ్మంటే వస్తుందా? డబ్బా అడుగంటిపోయింది. ఆవిడ అల్లం, కోకో, ఓట్స్ అన్నీ కొత్తగా కలిపి, వాటిని ఒకటిగా పిసికింది. రుచి రాలేదు. ఫ్రీజర్‌లో నెలల తరబడి ఒకదాన్నొకటి అంటుకుని నానిన పిండి సంగతి వేరు. చివరికి మిగులు కోసమని అచ్చు మీద అచ్చు వేసి, మంచి బిళ్ళలను కూడా నలిపేసింది. చిటికెడు పంచదార ఒలికితే ఏరుకునే మనిషి!

“అక్కా, తిని చెప్పు. ఆనాటిదేనా?”

“కాదే. ఇది తల దువ్వుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడింది. దాని పొగరేదీ?”

పిల్ల నా కొంగు పట్టుకుంది. “పెద్దమ్మా, నువ్వైనా చెప్పు. హోటలావిడతో ఉన్నమాట చెప్పేస్తే పోలేదా?”

“ఏమని చెప్పనే? మా ఇంట్లో మిగిలింది మీకు అంటగట్టానని చెప్పనా? చస్తే చెప్పను!” అని తల్లి కయ్యిమంది.

హోటలావిడ కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత, “రుచి మారిపోయిందండీ” అని మర్యాదగానే మానేసింది. పిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

చాలా రోజులకు నేను ఆ హోటల్‌కి వెళ్ళినప్పుడు గంప బిస్కెట్ల మాట వచ్చింది. నా నోట్లో మాట దాగదు కదా, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తల పట్టుకుంది. “అయ్యో, అప్పుడే చెప్పకూడదుటండీ! ఏ వారం ఏది మిగిలితే అదే పంపమనేదాన్ని. వారానికో రుచి అని బోర్డు పెట్టేదాన్ని. ఇప్పుడు వేరేవాళ్ళకి మాటిచ్చేశాను.”

వచ్చి గీకుడమ్మకు చెప్పాను.

“మరి ఆవిడ నన్ను అడగొచ్చు కదక్కా?”

“అడిగిందే. రహస్యం అన్నావు.”



పిల్ల సెలవు దొరికినప్పుడు వస్తుంది. వచ్చింది మొదలు నిద్రే. మొన్న నేను వెళ్ళేసరికి ఆ వెనక గదిలోనే, ఓవెన్ పక్కన నేల మీద ముడుచుకుని పడుకుంది. గీకుడమ్మ కలిపిన పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

“కాల్చవేం?” అన్నాను.

“మెల్లిగా అక్కా! ఓవెన్ వెలిగిస్తే ఆ వేడికి లేచిపోతుంది. లేచిందంటే బస్సు టైమెంత అని అడుగుతుంది.”

వెన్న కరిగి పిండి జావలా జారిపోతోంది. ఆవిడ గిన్నె వంక చూడనైనా చూడలేదు.