నర్సాగౌడ్ కాలు, నేను పెట్టిన టిక్కు

కరోనా తగ్గిన తరువాతి ఎండాకాలంలో జగిత్యాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను ఆయా పని నుంచి ఇన్సూరెన్స్ డెస్కుకు మార్చారు. నాది ఏడో తరగతి చదువు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నామె మానేసింది. "రాజక్కకు ఒక్కసారి చెప్తె చాలు" అని మేనేజరు సారు నన్ను కూర్చోబెట్టారు. ఏ పేషెంటు ఏ మంచం మీద ఎన్ని రోజులున్నాడో, ఎవరి అత్త ఎవరితో మాట్లాడదో నాకు గుర్తుండేది. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కోవడమే. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వస్తూ ఫారాల మీది మాటలు వల్లె వేసేదాన్ని.

డెస్కు పని రెండు దారులు. సర్కారు కార్డయితే ఏ జబ్బుకు ఎంత ఇస్తారో ముందే రాసి ఉంటుంది, కానీ ఆ వైద్యానికి ఆసుపత్రికి అనుమతి ఉండాలి. ప్రైవేటు బీమా అయితే ముందుగా ఫారం పంపి ఒప్పుకోలు తెచ్చుకోవాలి. దాన్ని ప్రీఆథ్ అంటారు. అది రాకపోతే పేషెంటు ఇంటివాళ్లే కట్టుకోవాలి.

నేను డెస్కెక్కిన రెండో వారంలోనే మల్లాపూర్ దిక్కు నుంచి నర్సాగౌడ్‌ను తెచ్చారు. కల్లు గీసే మనిషి. పొద్దున్నే తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు, తొడ ఎముక విరిగింది. సర్కారు కార్డు మీద ఎముకల వైద్యం చేయడానికి మాకు అనుమతి లేదు. అయితే హైదరాబాద్‌లో కొలువు చేసే బిడ్డ తన కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను రాయించింది. కాబట్టి ఇక్కడే ఆపరేషన్ అనుకున్నారు, మరునాడు పదింటికి.

ఆయన భార్య లచ్చవ్వకు నేనే ధైర్యం చెప్పాను. డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దని కూడా చెప్పాను. డ్యూటీ డాక్టరు ఒంగోలు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. అలవాట్లు అడిగే వరుసలో, ఏమైనా తాగుతారా అన్నాడు.

"గదేం మాట సారూ" అన్నది లచ్చవ్వ. "గౌడాయన తాగకుంటె కల్లు పులిసిందా తియ్యగున్నదా ఎవలు చెప్పాలె? పొద్దుగాల తాగుతడు, మాపటికి తాగుతడు."

మంచం మీద మూలుగుతున్న నర్సాగౌడ్ కళ్లు తెరిచాడు. "నడుమ పగటీలి ఇడిసిపెట్టినవ్, అది గూడ చెప్పు."

డాక్టరు నవ్వి, రోజూ తాగే అలవాటు ఉందని కేస్ షీటులో రాసుకున్నాడు. అందులో తప్పు లేదు. తప్పు నా దగ్గర జరిగింది. ప్రీఆథ్ ఫారంలో మద్యం మాట ఉన్న గడి ఒకటి ఉంటుంది. ఆ ఇంగ్లీషు ముక్క నాకు తెలుసు కనుక కేస్ షీటు చూసి 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. ఆ ప్రశ్న మనిషి తాగుతాడా అని కాదు, ఈ దెబ్బ తాగడం వల్ల తగిలిందా అని. పది ఫారాల కట్టలో డాక్టరు దీని మీదా సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి బీమా కంపెనీ జవాబు వచ్చింది. మత్తులో జరిగిన ప్రమాదానికి పాలసీ వర్తించదట.

మేనేజరు సారు కోప్పడలేదు. "కొత్త ఫారం నింపి పంపు రాజక్కా" అన్నారు.

"పాతది వాళ్ల దగ్గరనే ఉన్నది సార్. రెండు కాగితాలు రెండు మాటలు చెప్తె రెండూ అబద్ధమే అంటరు."

అటు లచ్చవ్వ రెండు బర్రెలను అమ్మడానికి అప్పుడే ఫోనులో బేరం పెట్టింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. "బేరం ఆపు చెల్లె. పొద్దున లేచిన కాడికెల్లి ఏమైందో చెప్పు" అన్నాను.

"ఏమున్నదక్కా. చాయ్ తాగిండు, మోకు భుజానేసుకొని పోయిండు. మొదటి చెట్టే. సగం ఎక్కిండో లేదో మోకు జారింది."

"మరి కల్లు?"

"లొట్టి చెట్టు మీదనే ఉన్నది. దించితె కద తాగుడు. ఆబ్కారోళ్లు గూడ గట్లనే రాసుకపోయిండ్రు."

అని నాలుక కరుచుకుంది. ఆబ్కారోళ్లు ఎందుకు వచ్చారని అడిగితే కొంగు సవరించుకుంటూ కూర్చుంది. చివరికి చెప్పింది. చెట్టు మీది నుంచి పడిన గీత కార్మికునికి సర్కారు నష్టపరిహారం ఇస్తుంది. దానికోసం ఆబ్కారీ, అంటే ఎక్సైజు శాఖవాళ్లు చెట్టు దగ్గరికి వచ్చి పంచనామా రాస్తారు. "గా కాగితం సంగతి దావఖానల ఎత్తొద్దన్నడు మా ఆయన. రెండు చేతుల తీసుకుంటున్నరని కంపెనోళ్లు ఎగ్గొడతరని."

అన్నీ చెప్పమంటే అన్నీ చెప్పారు, అక్కరకొచ్చే ఆ ఒక్కటి తప్ప. ఆ పరిహారం లెక్క వేరు, ఆసుపత్రి బిల్లు వేరు, ఒకటి ఒకదానికి అడ్డం రాదని నచ్చజెప్పాను. ఊళ్లోని గీత సంఘం అధ్యక్షుడు పంచనామా ఫొటో తీసి పంపాడు. పడింది మొదటి చెట్టు మీది నుంచి, సగం ఎత్తులో. పైన కట్టిన లొట్టి, అంటే కల్లుకుండ దించలేదు, నిండుగా ఉంది. కింద సాక్షుల సంతకాలు.

డాక్టరు దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. ఆయన తన కేస్ షీటు తిరగేశాడు. తెచ్చినప్పుడు నోట వాసన లేదని, మాట స్పష్టంగా ఉందని అందులోనే ఉంది. అలవాటు ఉన్నా ఈ దెబ్బ దానివల్ల కాదని ఉత్తరం రాసిచ్చాడు. ఫారంలో టిక్కు డెస్కు పొరపాటని ఆసుపత్రి తరఫున మరో ఉత్తరం పెట్టమన్నాను. "మన తప్పని మనమే రాసిస్తమా?" అని మేనేజరు సారు కాసేపు నానబెట్టి, సంతకం పెట్టారు. రెండు ఉత్తరాలూ పంచనామా ఫొటో ఆ సాయంత్రమే కంపెనీకి పంపాను.

మరునాడు తొమ్మిదింటికి బీమా కంపెనీ డాక్టరు ఫోను చేశాడు. రోజూ తాగే మనిషి ఆ రోజు తాగలేదని ఎట్లా నమ్మాలని అడిగాడు.

"ఆయన లొట్టి నిండుగున్నది సార్" అన్నాను. "అది దించకముందు తాగాలంటె పక్క గౌడ్ దగ్గర కొనుక్కోవాలె. గది ఆయనకు నామోషీ."

అవతల నవ్వు వినిపించింది. పావుగంటకు ఒప్పుకోలు వచ్చింది. పదింటికి నర్సాగౌడ్‌ను లోపలికి తీసుకుపోయారు. బర్రెలు కొట్టంలోనే ఉన్నాయి.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ గడిలోనైనా ప్రశ్న మొత్తం ఎవరితోనైనా చదివించుకున్నాకే టిక్కు పెట్టాను. కేస్ షీటులో 'తాగుతాడు' అని కనిపిస్తే, ఆ రోజు తాగాడా లేదా అన్నది కూడా పక్కనే రాయమని డాక్టర్లను అడిగేదాన్ని. బీమావాళ్లు మనిషిని ఎరగరు, కాగితాన్నే ఎరుగుతారు. ఆ రోజు సంగతి కాగితంలో లేకపోతే రోజూ ఉండే అలవాటే దాని జాగాలో కూర్చుంటుంది.