ఓబులేసు అడిగిన నీళ్లు

నిన్న మనవడికి భేదులు పట్టుకుంటే కోడలు ఓఆర్ఎస్ పొట్లం చించి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలిపింది. వంటింటి నిండా నారింజ వాసన లేచింది. చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ, "ఒంట్లో నీరు తగ్గిపోకూడదు అత్తమ్మా" అంది. వాడు మూతి తిప్పుకున్నాడు. నేను లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాను.

నేను డైరీ మొదలుపెట్టింది పదో తరగతిలో. అంతకు ముందరి ఎండాకాలాలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆలూరు పక్కన మా ఊళ్లో ఉగాది భక్ష్యాల మీద నెయ్యి వాసన ఇంకా చేతికి ఉండగానే వడగాడ్పు మొదలయ్యేది; వేపపూత రాలి వాకిలి నిండేది; మిట్టమధ్యాహ్నం మేము అచ్చనగాయలు ఆడుతుంటే, విత్తనాలకని వేరుశనగ కాయలు ఒలిచే ఆడవాళ్ల నడుమ కూర్చుని, నాయినను కన్న మా జేజి వీధి పిల్లలందరికీ వైద్యం చేసేది. దగ్గుకు వాము కషాయం, గవదబిళ్లలకు పసుపూ సున్నం, కడుపునొప్పికి సాన మీద అరగదీసిన వసకొమ్ము. సగం జబ్బులు వాటంతటవే తగ్గేవని ఎవరికీ తెలియదు. జేజి చేయి మంచిదనుకునేవాళ్లం.

నాకు తొమ్మిదేండ్లు, తమ్ముడు ఓబులేసుకు రెండున్నర. నా అచ్చనగాయ ఒకటి ఎత్తుకుని పరుగెత్తేవాడు. "దొంగోడా, ఈడికి రారా" అంటే ఇంకా నవ్వేవాడు.

ఒక పొద్దున వాడికి వాంతులు, భేదులు మొదలయ్యాయి. అమ్మ నీళ్లు పోయబోతే జేజి చెంబు లాక్కుంది.

"నీళ్లు పోస్తే నీళ్లే పోతాండాయి, కనపడ్లేదా? కడుపు ఎండబెట్టల్ల."

"అడుగుతాండాడత్తా."

"అడుగుతాడు. నువ్వు ఇద్దర్ని కన్నావు, నేను ఏడుగుర్ని సాకినా."

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. నాకు పని అప్పజెప్పారు: పక్కన కూర్చుని తడిగుడ్డతో వాడి పెదవులు తుడవాలి, చుక్క మింగనీయకూడదు. చెప్పిన మాట వినే పిల్లనని నాకు పేరు.

మధ్యాహ్నానికి వాడి కళ్లు లోతుకు పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. పొద్దుటి నుంచి ఉచ్చ పోయలేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. దీన్ని డీహైడ్రేషన్ అంటారని, ఒంట్లోని నీరూ ఉప్పూ తరిగిపోవడమని, భేదులు ఆగకున్నా తాగిస్తూనే ఉండాలని, ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని చాలా ఏండ్లకు ఒక ఆరోగ్య కేంద్రం గోడ మీద చదివాను. జేజి మాత్రం దిష్టి అంది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

"అక్కా, నీల్లు" అన్నాడు వాడు. గుడ్డ తగలగానే పళ్లతో పట్టుకుని చీకాడు. లాగేశాను. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ లాగేశాను. నాలుగోసారికి పట్టుకోలేదు.

నాయిన చేను నుంచి పరుగున వచ్చి బండి కట్టేలోపే ఓబులేసు పోయాడు.

ఆ తర్వాత జేజి ఏ బిడ్డకూ మందు అరగదీయలేదు. అమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు.

చివరి రోజుల్లో అమ్మ నా దగ్గరే ఉండేది. ఒక సాయంత్రం తల దువ్వుతుంటే, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"పాపా, ఆ పొద్దు నేను సూడనప్పుడు వానికి రెండు గుక్కలన్నా పోసింటావు గదా?"

"పోసినామ్మా. కడుపు నిండా తాగినాడు."

"అంతేలే. శానా దప్పికుండె వానికి" అని కళ్లు మూసుకుంది.

ఇప్పుడు జేజి లేదు, నాయిన లేడు, అమ్మా లేదు. మా మట్టిమిద్దె కూలిపోయింది. భేదులైన బిడ్డకు నీళ్లు ఆపే ఆచారమూ మా వీధిలో లేదు. ఓబులేసుకు ఒక్క ఫోటో లేదు. వాడి ముఖం తెలిసినదాన్ని నేనొక్కతెనే మిగిలాను. నేను పోయలేదు. చుక్క కూడా పోయలేదు.