ఖాళీ బండేగా

నేను హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్ని. గతిజ శక్తి పాఠం ఏటా చెబుతాను. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. పిల్లలు పొల్లు పోకుండా రాస్తారు, నేను మార్కులేస్తాను. మా ఇంట్లోవాళ్లకు మాత్రం ఈ ఒక్క ముక్క తలకెక్కించలేకపోయాను.

అన్నయ్యకు చిన్న వ్యాను ఉంది. కొత్తపేట వైపు తోటల్లో కొబ్బరికాయ ఎత్తి, మలికిపురం మార్కెట్లో దింపి వస్తాడు. మా ఇల్లు ఆ దారిలోనే, కాలవగట్టు రోడ్డు మీద. ఇటు గుమ్మం, అటు రేవు. ఇంట్లో కుళాయి ఉన్నా అమ్మకు కాలవలో తోమితేనే గిన్నె తోమినట్టు. రోజుకు నాలుగైదుసార్లు రోడ్డు దాటుతుంది. ఆవిడకు చెవి సరిగా వినపడదు.

లోడుతో వెళ్లేటప్పుడు అన్నయ్య ఇంటి ముందు ఆగుతాడు. అమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. ఆమెన్ అనుకుని బయల్దేరి, గట్టు మీద ఇరవై దాటనివ్వడు. తిరిగొచ్చేటప్పుడు అరవై. అదేమిటంటే, ఖాళీ బండేగా అంటాడు. ఖాళీ బండికి అమ్మ ప్రార్థన కూడా చెయ్యదు.

ఓ ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని అతన్ని ఎదురుగా కూర్చోబెట్టాను. లోడు దించితే బండి బరువు సగం. కానీ వేగం మూడింతలు. మూడు మూళ్లు తొమ్మిది, అందులో సగం నాలుగున్నర. అంటే లోడు బండి కంటే ఖాళీ బండికే నాలుగున్నర రెట్లు శక్తి అని చూపించాను.

"ఆయ్, అలాగేనండి టీచరు గారూ," అన్నాడు.

వెళ్లేటప్పుడు అమ్మ ఆ కాగితంలోనే జంతికలు పొట్లం కట్టి అతనికిచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న శనివారం మధ్యాహ్నం నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మ బిందె చంకన పెట్టుకుని రేవులోంచి రోడ్డెక్కింది. అప్పుడే మలికిపురం నుంచి వ్యాను వచ్చింది. నేను అరిచాను, ఆవిడకు వినపడలేదు. బ్రేకు చప్పుడయ్యాక బెదిరి వెనక్కి అడుగేసి, రేవు మెట్ల మీద పడింది. బిందె చక్రం కింద అప్పడమైంది. వ్యాను రెండిళ్లు దాటి ఆగింది.

అమ్మకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. లోడుంటే ఇక్కడే ఆగేవాణ్ణని, బండి తేలికైపోయి జారిందని చెప్పడం మొదలుపెట్టాడు. తేలికై కాదు, అరవైలో వచ్చావు గనక అని నేను గొంతు చించుకున్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వాడినేం అనకే. ఖాళీ బండి కాబట్టి సరిపోయింది. లోడుతో వచ్చుంటే నేను మిగిలేదాన్నా?"

అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ తలూపాడు.

మర్నాడు చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. బండి ఖాళీగా ఉండేట్టు చేసి దేవుడే తనను కాపాడాడంది. అందరూ ఆమెన్ అన్నారు. అన్నయ్య అందరికంటే గట్టిగా అన్నాడు. అమ్మ బతికింది కదా, నేనూ అన్నాను. కానీ సోమవారం అతను మళ్లీ ఖాళీ బండితో వస్తాడు. అమ్మ మళ్లీ రోడ్డు దాటుతుంది. ఆ వేళకు నేను బళ్లో గతిజ శక్తి పాఠం చెబుతూ ఉంటాను.